పాత యాట్ కొనేముందు: నీళ్లు ఎక్కడ దూరాయో వెతకండి

యాట్, అంటే తెరచాప పడవ, కొందామనుకుంటున్నానని మొదటిసారి ఇంట్లో అన్నప్పుడు మా మేనత్త చెవిలో పడింది 'యాట', జాతరకి కోసే మేక. "గంగమ్మ జాతరకి ఇంకా రెండు నెలలుంది కదరా, ఇప్పుడే ఎందుకు? ఎన్ని కేజీలుంటుంది?" అంది. అయిదు టన్నులు అన్నాను. ఆరోజు నుంచి మా ఇంట్లో నా పడవ పేరు యాటే.

తిరుపతిలో ఉండి తెరచాప పడవేంటని నవ్వేవాళ్లని నవ్వనీండి. మన స్వర్ణముఖిలో వాన పడితేనే నీళ్లు, నిజమే. కానీ మద్రాసు రేవు ఇక్కడికి మూడు గంటల దారి. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ, వాకాడు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, అంటే తూపిలిపాళెం సముద్రం కూడా ఇప్పుడు మనదే. 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద భూగోళం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ మహిళా అధికారుల్లో ఇద్దరు మనవాళ్లు, విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య.

కాబట్టి ఎవరికైనా ఆ పిచ్చి పట్టి, చేతిలో కొంత డబ్బుండి, కొత్తది కొనే స్తోమత లేక 25, 30, 40 ఏళ్ల నాటి పడవ చూడ్డానికి బయలుదేరుతుంటే, ఇది మీకోసం. నేను చెప్పేది 28 నుంచి 38 అడుగుల లోపు ఫైబర్‌గ్లాస్ పడవల గురించి. చెక్క పడవ, స్టీలు పడవ వేరే శాస్త్రం, వాటి జోలికి పోను.

పాత పడవలో జబ్బులు వంద ఉంటాయి గానీ చాలావాటికి మూలం ఒకటే, ఉండకూడని చోట నీళ్లు. అందుకే పడవలో ఏ మూలకి పోయినా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇక్కడికి నీళ్లు ఎట్లా వచ్చాయి, వచ్చి ఎటు పోయాయి?

పడవకన్నా ముందు దాన్ని కట్టేసే చోటు

పడవ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నిలిపే చోటు దొరకడమే కష్టం. మద్రాసులో 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, సభ్యత్వం, పడవకి చోటు, రెండూ విడివిడిగా అడిగి తెలుసుకోండి. కొచ్చిలో బోల్గట్టి దగ్గర మెరీనా ఉంది, కానీ తిరుపతి నుంచి శనివారం పోయి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే దూరం కాదు. గోవా, ముంబై కూడా అంతే. పాత పడవ పాడి ఆవులాంటిది, ఎవరో ఒకరు పోయి చూస్తూ ఉండాల్సిందే. దూరంగా కట్టేసి నెలకోసారి ఫోన్లో బాగోగులు అడిగితే కుదరదు.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. తెరచాపలు, మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే తీగలు, ఇంజను, ఈ మూడూ కొత్తవి వేయాల్సొస్తే చాలా పాత పడవల్లో ఆ ఖర్చు పడవ ధరని దాటిపోతుంది. ఉన్నదంతా పెట్టి పడవ కొనొద్దు. నేనైతే మూడింట ఒక వంతు పక్కన పెట్టమంటాను. అది కూడా చాలదు, అది వేరే సంగతి.

కాగితాలు

స్థలం కొనేముందు ఈసీ తీసినట్టే. అమ్మకపు పత్రం ఆయన పేరున ఉందా, ఆయనకి అమ్మినాయన పేరున ఉందా, గొలుసు ఎక్కడా తెగకుండా ఉందా చూడండి. మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద రిజిస్టరైన పడవైతే దాని మీద తనఖా ఉంటే రిజిస్టర్లోనే రాసి ఉంటుంది, అడిగి తీయించండి. వేరే దేశం జెండాతో వచ్చి మన రేవులో ఆగిపోయిన పడవలు అప్పుడప్పుడు చవగ్గా అమ్మకానికొస్తాయి. వాటికి కస్టమ్స్ కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ ఉందా అని మొదటి ఫోన్‌లోనే అడగండి. లేదంటే ఆ చవకంతా ఆవిరే. దిగుమతి పన్నులకి తోడు, 2025 సెప్టెంబరు 22 నుంచి యాట్‌ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది.

పడవ వెనక, కుడివైపు పై మూలన హల్ (పడవ ఒళ్లు) నంబరు చెక్కి ఉంటుంది. అమెరికాలో 1972 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. 1984 తర్వాతి పడవల్లో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాళ్లు 1995 అంటారు, నంబరు చివర 88 ఉంటుంది. ఇట్లాంటివి నేనే రెండుసార్లు చూశాను.

ఎండాకాలంలో చూడొద్దు, వానలో చూడండి

అమ్మేవాళ్లు ఫిబ్రవరిలో రమ్మంటారు. చల్లగాలి, ఎండ, పడవ తళతళ మెరుస్తుంటుంది. మీరు కార్తీకంలో పోండి. ఈశాన్య రుతుపవనాలు మద్రాసుని నానబెట్టే రోజుల్లో, రాత్రంతా కురిసి తెల్లారి వెలిసిన రోజు చూసుకుని "ఈరోజే వస్తున్నా" అని ఫోన్ చేసి, దొరికిన మొదటి బస్సెక్కేయండి. తుడిచి ఆరబెట్టే టైము వాళ్లకి ఇవ్వకూడదు.

లోపలికి దిగగానే ముక్కుతో చూడండి. డీజిల్ వాసన కొంత ఉంటుంది, పర్వాలేదు. బూజు వాసన, మురుగు వాసన వస్తే మూలం వెతకాలి. అగరొత్తి వెలిగించి ఉంటే ఇంకా గట్టిగా వెతకాలి.

నేల పలకలు ఎత్తండి. కింద పడవ అడుగున నీళ్లు నిలిచే గుంట ఉంటుంది, బిల్జి అంటారు. అందులో నీళ్లుంటే, డీజిల్ తెట్టు లేకపోతే, వేలి కొన ముంచి నాలుకకి తగిలించుకోండి. ఛీ అనకండి, పాత నావికులందరూ చేసే పనే. ఉప్పగా ఉంటే సముద్రం, అంటే కింద ఏదో కారుతోంది, సీకాక్ (అడుగు రంధ్రానికి బిగించిన కవాటం) గానీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర గానీ, కీల్ (కింద వేలాడే బరువు దిమ్మ) బోల్టు దగ్గర గానీ. చప్పగా ఉంటే వాన నీళ్లో, ట్యాంకు నీళ్లో, అంటే డెక్ (పడవ పైకప్పు), కిటికీలు, పైపులు. ఒక్క చుక్కతో సగం వెతుకులాట తప్పుతుంది.

తర్వాత బీరువాలు, పరుపుల కింద అరలు, కిటికీల కింద చెక్క. నీళ్లు కారిన చోట చారలుంటాయి. కొత్తగా రంగేసిన చోటు ఒక్కటే కనిపిస్తే ఆ ఒక్క చోటే ఎందుకు వేశారని అడగండి. అడ్డగోడల ప్లైవుడ్ కింది అంచుల్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. గట్టిగా తగిలితే సరే. ఇడ్లీలోకి దిగినట్టు దిగితే ఆ గోడ పోయినట్టే. మాస్ట్ బరువుని, తీగల లాగుడుని మోసేది చాలా పడవల్లో ఈ గోడలే.

డెక్ మీద చెప్పులు విప్పి నడవండి

గుడికి పోయినట్టే. బూట్లేసుకుంటే తెలియదు, వట్టి కాలికి తెలుస్తుంది. చాలా పడవల డెక్ మూడు పొరలుగా ఉంటుంది, పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో బాల్సా అనే తేలిక చెక్క. రెయిలింగు కడ్డీలు, వించ్‌లు (తాళ్లు లాగి బిగించే చక్రాలు), తీగల పట్టీలు బిగించిన ప్రతి స్క్రూ రంధ్రమూ నీళ్లకి తలుపే. సీలెంట్ ఎండిపోయి ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగితే మధ్యలో చెక్క నాని గుజ్జయిపోతుంది. పైన రంగు మాత్రం బాగానే ఉంటుంది.

నడుస్తుంటే కాలి కింద కొంచెం కుంగినట్టనిపించిన చోట ఆగండి. స్క్రూడ్రైవర్ తిరగేసి ప్లాస్టిక్ పిడితో తట్టండి. బాగున్న చోట టంగుమంటుంది, నానిన చోట దబ్‌మంటుంది. కొబ్బరికాయ తట్టి కొనేవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు. సుద్దముక్క తీసుకుపోయి దబ్‌మన్న చోటల్లా చుట్టూ గీత గీయండి. అమ్మేవాళ్ల మొహం మాడుతుంది, పట్టించుకోవద్దు. అరచేతి అంత ఉంటే తొలిచి, ఆరబెట్టి, ఎపాక్సీ జిగురుతో పూడ్చుకోవచ్చు. విస్తరాకంత అయితే ధర తగ్గించమనండి. ఒక పక్కంతా దబ్‌దబ్ అంటుంటే చెప్పులేసుకుని వచ్చేయండి.

సీకాక్‌లు: కంచా, ఇత్తడా?

పడవ అడుగున నీటి మట్టం కింద రంధ్రాలుంటాయి. ఇంజను చల్లబరిచే నీళ్లు లోపలికి రావడానికి, సింకు నీళ్లు బయటికి పోవడానికి, టాయిలెట్‌కి. ఒక్కోదానికీ ఒక కవాటం, దాన్నే సీకాక్ అంటారు. పడవ మునిగే దారుల్లో ఇది ముఖ్యమైనది, కొనేవాళ్లు చూడనిదీ ఇదే.

ప్రతి పిడినీ తిప్పి చూడండి, పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. తేలుతున్న పడవలో సీకాక్ మీ చేతిలోకి ఊడొచ్చిందనుకోండి, ఆ తర్వాత మీరు చూడాల్సినవేవీ ఉండవు.

దీనికి సంబంధించి నాకు బుద్ధొచ్చిన రోజు చెప్తాను. మా పెదనాన్నకి గాంధీ రోడ్డు వైపు పాత్రల అంగడి, నలభై ఏళ్ల వ్యాపారం. కంటి పరీక్షకని మద్రాసు తీసుకుపోయిన రోజు, దారిలోనే కదా అని ఒక పడవ చూడ్డానికి ఆయన్నీ వెంటబెట్టుకుపోయాను. నేను ఇంజను దగ్గర తల దూర్చి ఉంటే ఆయన మెట్ల పక్కన కూర్చుని సీకాక్‌ని గోటితో తడుముతున్నాడు.

"ఇది ఏందిరా?"

"కంచు కవాటం పెదనాన్నా. ఉప్పునీళ్లకి తట్టుకుంటుంది."

"కంచా? ఎవురు చెప్పింది నీకు?" జేబులో తాళంచెవి తీసి దాని అంచు మీద బర్రున గీశాడు. పైన పచ్చగా ఉన్నది పోయి కింద గులాబీ రంగు తేలింది, కొత్త రాగి చెంబు రంగు. ఇంకోసారి గీస్తే పొడిపొడిగా రాలింది. "ఇది ఇత్తడి. అదీ చచ్చిన ఇత్తడి. పాత బిందెలకి ఇట్లానే అవుతుంది, సత్తువ పోయి రాగి మాత్రం మిగుల్తుంది. మా అంగట్లో దీన్ని తూకానికి కూడా తీసుకోం."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇత్తడి అంటే రాగి, జింకు. ఉప్పునీళ్లలో జింకు కరిగిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. ఆకారం అట్లానే ఉంటుంది, బలం ఉండదు. కంచులో రాగితో పాటు ఉండేది తగరం, అది ఉప్పునీళ్లలో నిలుస్తుంది. జింకు పోకుండా తయారుచేసిన ప్రత్యేక ఇత్తడి కూడా ఉంది, అదీ పర్వాలేదు. కంటితో చూసి అన్నిసార్లూ తేల్చలేం. కానీ గీసినచోట గులాబీ రంగు కనిపిస్తే సందేహమే అక్కర్లేదు, మార్చాల్సిందే. ఆ పడవలో ఆరు సీకాక్‌లుంటే నాలుగు అట్లానే ఉన్నాయి. అమ్మే ఆయన "మొన్ననే సర్వీస్ చేయించా" అంటూనే ఉన్నాడు.

మాస్ట్, తీగలు

మాస్ట్ తనంతట తాను నిలబడదు. ముందూ వెనకా పక్కలా స్టీలు తీగలు లాగిపట్టి ఉంటాయి. వీటి వయసెంత అని అడగండి, జవాబు నోటిమాటగా తీసుకోవద్దు, బిల్లు చూపించమనండి. పదేళ్లు దాటితే అనుమానించాలి, పదిహేను దాటితే బాగున్నట్టు కనిపించినా మార్పించే ఖర్చు లెక్కలో వేసుకోవాలి. చాలా బీమా కంపెనీలు కూడా ఈ వయసులోనే అడ్డం తిరుగుతాయి.

పాత పంచె ముక్క ఒకటి తీసుకుపోయి తీగ పొడుగునా చుట్టి జారవిడవండి. ఎక్కడైనా పోగు తెగి ముల్లులా లేచి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. వట్టి చేత్తో మాత్రం చేయొద్దు, గాలానికి చేప తగిలినట్టు తగుల్తుంది. 19 పోగుల తీగలో ఒక్క పోగు తెగినా ఆ తీగ పనైపోయినట్టే. తీగ చివర నొక్కి బిగించిన గొట్టాల్లో కింది వాటిని జాస్తి చూడండి. నీళ్లు జారి నిలిచేది అక్కడే. వెంట్రుకంత చీలిక కంటికి ఆనదు, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి.

తీగలు డెక్‌లోంచి దూరి కింద గోడకి తగులుకునే స్టీలు పట్టీలుంటాయి, చైన్‌ప్లేట్లు. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదని మన నమ్మకం. గాలి ఆడినంతసేపే అది నిజం. డెక్ మందంలో గాలి తగలకుండా, ఉప్పునీళ్లలో నాని ఉన్న ముక్కని తుప్పు సందుల్లోంచి తొలిచేస్తుంది. పైన అద్దంలా ఉంటుంది, కింద అద్దంలా ఉంటుంది, కనపడని ఆ అంగుళంలోనే తెగుతుంది. లోపల పట్టీ చుట్టూ గోధుమరంగు చారలుంటే, కొనే ముందు ఒక పట్టీనైనా ఊడదీసి చూపించమనండి. ఒప్పుకోకపోతే అన్నీ మార్చే ఖర్చు ధరలోంచి తీసేయండి.

ఇంకో చిన్న పరీక్ష. మాస్ట్ డెక్ మీద నిలబడే రకమైతే లోపల దాని కిందికి వచ్చే చోట బాత్రూం తలుపు వేసి తీయండి. తలుపు పట్టేస్తుంటే మాస్ట్ బరువుకి డెక్ కుంగిందేమో చూడాలి.

తెరచాపలు, కరెంటు

తెరచాపని ఎండ తింటుంది, అందులో ముందు తినేది కుట్టు దారాన్ని. గోటితో కుట్టుని గీకండి, దారం తెగితే మొత్తం కుట్టించాలి. గుడ్డ కొత్తదైతే గంజి పెట్టిన చీరలా గరగరలాడుతుంది, ముసలిదైతే మెత్తటి పాత దుప్పటిలా ఉంటుంది. మెత్తటి తెరచాపతోనూ పడవ పోతుంది, గాలికి ఎదురెక్కమంటే మాత్రం మొరాయిస్తుంది. కొత్త వాటికి డబ్బు పక్కన పెట్టుకోండి, అంతకన్నా చెప్పేదేం లేదు.

కరెంటు విషయం కూడా క్లుప్తమే. ప్యానెల్ వెనక చూడండి. తగరం పూత ఉన్న తీగలైతే మంచిది, పచ్చగా చిలుం పట్టిన మామూలు ఇంటి వైరైతే అంతా మళ్లీ లాగాల్సిందే. బిల్జి పంపుని నొక్కి చూడండి.

ఇంజను చల్లగా ఉండాలి

వస్తున్నానని ఫోన్ చేసినప్పుడే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. పోగానే చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎవరో వేడెక్కించి ఉంచారు, ఆరోజుకి ఇంజను సంగతి వదిలేయండి. చల్లటి ఇంజను ఒకట్రెండు తిప్పుళ్లలో అందుకోవాలి.

నేను మొదటిసారి రేణిగుంట నుంచి ఒక లారీ మెకానిక్‌ని వెంట తీసుకుపోయాను. డీజిల్ అంటే డీజిలే కదా అని. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ గొట్టంలోంచి నీళ్లు భక్‌భక్‌మని వచ్చాయి. "హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నా, ఆపెయ్!" అని అరిచాడు. పాపం ఆయన తప్పు కాదు. పడవ ఇంజన్లో సముద్రపు నీళ్లు వేడిని లాక్కుని పొగతో కలిసి వెనక నుంచి బయటికి పోవాల్సిందే. లారీకి అది రోగం, పడవకి ఆరోగ్యం. నీళ్లు రాకపోతేనే ఆపేయాలి. ధార సన్నగా వస్తుంటే పంపులో రబ్బరు చక్రం అరిగి ఉండొచ్చు, అది చిన్న ఖర్చు. లేదా పొగా నీళ్లూ కలిసే మోచేతి గొట్టం మసి, ఉప్పు పేరుకుని పూడుకుపోయి ఉండొచ్చు. పైపు ఊడదీసి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది.

పొగ రంగు మాత్రం ఆ మెకానిక్ బాగానే చదివాడు. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. నలుపు అంటే ఇంజనుకి గాలి చాలడం లేదు, లేదా మోయలేని బరువు మీద పడుతోంది, ప్రొపెల్లర్‌కి నాచూ నత్తగుల్లలూ అంటుకున్నా ఇదే పొగ. తెలుపు స్టార్టింగులో కాసేపు రావొచ్చు, ఆగకుండా వస్తే మంచిది కాదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు లోపలికి దూరాయి. మళ్లీ నీళ్లే.

తర్వాత పడవని గట్టుకి గట్టిగా కట్టేసి, గేరు వేసి, మెల్లగా పూర్తి వేగం దాకా ఎక్కించి అయిదు నిమిషాలు ఉంచండి. ఊరికే న్యూట్రల్‌లో తిరిగే ఇంజను ఎవరికైనా బాగానే కనిపిస్తుంది. "20 ఏళ్లలో 300 గంటలే తిరిగింది" అని గొప్పగా చెప్తే సంతోషపడొద్దు. ఉప్పు గాలిలో వాడకుండా పడున్న ఇంజను వాడిన దానికన్నా ముందు పాడవుతుంది.

షాఫ్ట్ బదులు కాలు కిందికి దిగే రకం, సెయిల్‌డ్రైవ్, ఉంటే దాని చుట్టూ ఉన్న రబ్బరు పొర ఎప్పుడు మార్చారో అడగండి. వోల్వో ఏడేళ్లకోసారి మార్చమంటుంది. సముద్రానికీ మీకూ మధ్య అక్కడ అడ్డం ఆ రబ్బరే.

నీళ్లలోంచి పైకి ఎత్తిన రోజు

ఇక్కడిదాకా పడవ మీకు నచ్చితేనే క్రేన్ ఖర్చు పెట్టండి. ఆ ఖర్చు సాధారణంగా కొనేవాళ్లదే. ఎత్తిన వెంటనే, ఇంకా నీళ్లు కారుతుండగానే అక్కడ ఉండండి. నాచు, నత్తగుల్లలు కడిగించాక తట్టడం మొదలుపెట్టండి.

బయటి పొర కింద పొక్కులు కనిపిస్తే అది ఆస్మాసిస్. గెల్‌కోట్ అనే ఆ బయటి పొరలోంచి నీళ్లు నెమ్మదిగా ఇంకి, లోపలి రెసిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి పొక్కుగా ఉబ్బుతుంది. మనలాంటి వెచ్చటి నీళ్లలో తొందరగా వస్తుంది. ఓనరు ఒప్పుకుంటే ఒకదాన్ని గుచ్చి చూడొచ్చు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, లోపల ఒత్తిడితో ఉంటుంది. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అదే. దీని గురించి అమ్మేవాళ్లకన్నా కొనేవాళ్లే జాస్తి భయపడతారు. పదీ ఇరవై పొక్కులతో పడవ మునగదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తాయి. ఒళ్లంతా ఆటలమ్మ పోసినట్టుంటే వేరే. గెల్‌కోట్ గీకేసి, కడిగి, నెలల తరబడి ఆరబెట్టి ఎపాక్సీ వేయాలి. మద్రాసు ఉక్కలో ఫైబర్‌గ్లాస్ ఆరడమంటే ఎంత పనో మీరే ఊహించుకోండి.

నేనైతే పొక్కులకన్నా కీల్ అతుకు దగ్గర జాస్తిసేపు కూర్చుంటాను. కీల్ అంటే కింద వేలాడే సీసం లేదా పోత ఇనుము దిమ్మ, పడవ బరువులో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. బోల్టులతో బిగించి ఉంటుంది. అతుకు ముందు భాగాన నవ్వినట్టు సన్నటి చీలిక, దాంట్లోంచి ఎర్రటి తుప్పు నీళ్లు కారుతుంటే, బోల్టులు నానుతున్నాయి. లోపల బిల్జిలో బోల్టు తలల చుట్టూ కూడా చూడండి.

"ఎప్పుడైనా నేలకి తగిలిందా?" అని సూటిగా అడగండి. లేదంటారు. మీరు కీల్ వెనక అంచుకి పైన, లోపలి వైపు, నేల పట్టీల దగ్గర చీలికలు చూడండి. ముందు నుంచి దెబ్బ తగిలితే కీల్ వెనక అంచు పైకి పొడుస్తుంది, గుర్తు మిగిలేది అక్కడే. 2014 మేలో అట్లాంటిక్ మధ్యలో చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవకి కీల్ ఊడిపోయి నలుగురూ పోయారు. అంతకుముందు నేల తాకిన దెబ్బలు, లోపల అతికించిన పట్టీల చట్రం పట్టు వీడటం బయటికి కనపడకపోవచ్చన్నది ఆ దర్యాప్తులో తేలిన ముఖ్య విషయం.

చుక్కానిని రెండు చేతులా పట్టుకుని ఊపండి. కొంచెం లూజు మామూలే, టకటకమంటే బేరింగులు పోయాయి. ఎత్తిన మర్నాడు కూడా దాని కింది అంచు నుంచి నీళ్లు చుక్కలు పడుతుంటే లోపలి స్టీలు నానుతోంది.

ప్రొపెల్లర్ దగ్గర బిగించిన జింకు ముక్కలు చూడటం మర్చిపోవద్దు. మిగతా లోహాల బదులు అవి కరగడానికే పెడతారు. సగం కరిగి ఉంటే పని చేస్తున్నట్టు. ఏడాది నీళ్లలో ఉన్నా నిన్న బిగించినట్టుంటే మెచ్చుకోవద్దు, వైరు తెగో, లోహానికి సరిగా తగలకో ఉండొచ్చు, దాని బదులు ఇంకేదో కరుగుతూ ఉంటుంది.

ఈరోజే సర్వేయర్, అంటే పడవల్ని పరీక్షించి నివేదిక రాసే మనిషి, కూడా రావాలి. అమ్మేవాళ్లు చెప్పిన మనిషి వద్దు. పెద్ద ఓడలు చూసే సర్వేయర్ కన్నా ఫైబర్‌గ్లాస్ యాట్‌లు చూసిన మనిషిని వెతకండి, పాత నివేదిక ఒకటి పేర్లు కొట్టేసి చూపించమని అడగండి. తేమ మీటరు ఆయన దగ్గర ఉంటుంది. మీరు సుద్దతో గీసిన గీతలు చెరపకుండా ఆయనకి చూపించండి. ఆయన తట్టినప్పుడు మీ చెవికీ ఆయన చెవికీ ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది.

సముద్రంలో ఒక పూట

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రాయించుకోండి, సర్వే, సముద్రంలో ట్రయల్ నచ్చకపోతే డబ్బు వాపస్ అని. జనవరి నుంచి మార్చి మధ్య మంచి గాలి చూసుకుని పోండి. అన్ని తెరచాపలూ ఎత్తించండి, పడవ ఒక పక్కకి బాగా ఒరిగాక మీరు కిందికి దిగి నేల పలకలు మళ్లీ ఎత్తి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు పొడిగా ఉన్న చోట్లు ఒరిగినప్పుడు తడుస్తాయి. ఒరిగిన వైపు తీగలు కొంచెం వదులవడం మామూలు, తాడులా ఊగితే కాదు.

బేరం సర్వే కాగితం పట్టుకునే చేయండి, ఒక్కో లోపానికి ఒక్కో ఖర్చు రాసి. మాటలతో బేరం చేస్తే మద్రాసువాళ్ల ముందు మనం నిలవలేం.

డబ్బు కట్టిన రోజు రాత్రి ఇంటికి రావొద్దు, పడవలోనే పడుకోండి. బిల్జి పంపు ఆటోమేటిక్‌లో పెట్టి, ఎన్నిసార్లు తిరిగిందో చెవి పెట్టి లెక్కపెట్టండి. నా యాటలో ఆ రాత్రి నాలుగుసార్లు తిరిగింది. రెండున్నరకి లేచి వేలు ముంచి నాలుకకి తగిలించుకున్నాను, ఉప్పగా ఉంది. టార్చి వేసుకుని వెనక్కి పాకుతూ పోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీళ్లు రాకుండా ఆపే బిగింపు) దగ్గర నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. రెండు నట్లు పావు తిప్పు చొప్పున బిగించాను. తెల్లారేదాకా పంపు మళ్లీ తిరగలేదు.